ప్రశ్నకో గారె

ఇల్లు కొనబోయే పిల్లలు ఈమధ్య నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, మంచి లాయరుంటే చెప్పండి" అంటున్నారు. చెప్తాను. నంబరు ఎక్కించుకుంటారు, థాంక్స్ అంటారు, చెప్పులేసుకుంటారు. ఆయన ఫీజు ఎంత, ఆ ఫీజులో ఏమేం చేస్తాడు అని మాత్రం ఒక్కరూ అడగరు. వంకాయల దగ్గర కూరలావిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా బేరమాడే మనం, లాయరు ఎదురుగా కూర్చోగానే మూగవాళ్ళమైపోతాం. అడిగితే ఆయన్ని అవమానించినట్టేమోనని మన భయం. చెప్తే చులకనైపోతానేమోనని ఆయన భయం. ఇద్దరూ కలిసి ఫ్యాను వంక చూస్తారు. కరెంటు పోతే తిరగని ఫ్యాను వంకే చూస్తారు.

రంగూన్‌లో ఇళ్ళ అమ్మకాలూ కొనుగోళ్ళూ చూసే లాయరుగా పనిచేసి రిటైరయ్యాను. మీరు యాంగోన్ అంటారు, నా నోటికి రంగూనే వస్తుంది. చాలా కేసులు మర్చిపోయాను, కొన్నిటిని కావాలనే మర్చిపోయాను. ఆరో అంతస్తులో కాపురమున్న ఒక ఆలుమగల కేసు మాత్రం తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది, తర్వాత గుండె గుభేలుమంటుంది. మీరు మీ లాయరు దగ్గరికి వెళ్ళే ముందు ఒకసారి వినండి.

మా సీనియరు బర్మా పెద్దమనిషి. అందరూ సయా అనేవాళ్ళు, అంటే గురువుగారని. నన్ను తమీ, అంటే కూతురా, అని పిలిచేవాడు. పని ఎక్కువైనప్పుడు ఇంకాస్త ప్రేమగా పిలిచేవాడు. ఆయనకో అలవాటుండేది. పార్టీ కూర్చోగానే తెల్లకాగితం మీద లావు అక్షరాలతో ఫీజు రాసి, పైకి రెండుసార్లు చదివి, చేతికిచ్చేవాడు. "జబ్బు పేరు చెప్పకముందే సూది గుచ్చుతున్నారు సయా" అని నేను వేళాకోళం చేస్తే, "సూది ముందు గుచ్చేస్తే తర్వాత హాయిగా కబుర్లు చెప్పుకోవచ్చు తమీ" అనేవాడు.

అలాంటి ఆఫీసుకి ఒక రోజు ఆవిడ వచ్చింది. రంగూన్‌లో లత అనే పేటలో మా వీధికి రెండు వీధుల అవతల బండి పెట్టి పప్పు గారెలు వేసే మనిషి. బర్మావాళ్ళు వాటిని బయాజో అంటారు గానీ ఆవిడ చెయ్యి గంజాం నుంచి ముత్తవ్వతో దిగిన చెయ్యి. నాకంటే పెద్దది కాబట్టి నేను అప్పా, అంటే అక్కా, అనేదాన్ని. ఆ రోజు చేతిలో స్టీలు పళ్ళెం, పళ్ళెంలో తమలపాకులు, అరటిపళ్ళు, ఆకుల కింద ఒక నోటు. సయా నోటు తీసి వెనక్కిచ్చేసి, అరటిపళ్ళు మాత్రం దగ్గరికి లాక్కున్నాడు.

విషయం సూటిగానే చెప్పింది. భర్త ఊరికి ఉత్తరాన ఇన్‌సేన్ పేటలో రైల్వే వర్క్‌షాపులో ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. ఇల్లు ఆరో అంతస్తు, లిఫ్టు లేదు. జబ్బు చేసినప్పుడు ఆయన్ని నలుగురు పట్టుకుని పైకెక్కించారు, ఆ తర్వాత మళ్ళీ వీధిలో కాలు పెట్టలేదు. లతలో ఇల్లు అమ్మేసి, ఇన్‌సేన్‌లో ఆయన పాత స్నేహితులుండే వీధిలో నేల మీద ఒక గది కొనాలి. లత ఇంటికి ఒక కుర్ర జంటతో బేరం కుదిరిపోయింది.

"ఆయన గుమ్మంలోంచి ఈదిలోకి ఒక్కడుగేస్తే సాలమ్మా, ఇంకేటీ వొద్దు నాకు" అంది.

సయా కాగితం రాశాడు, రెండుసార్లు చదివాడు. నేను తెలుగులో విడమర్చి చెప్పాను. "సూడప్పా, మాకీ అంకొక్కటే. సగం ఇప్పుడు, సగం సంతకాలయ్యాక. అమ్మడం, కొనడం రెండూ ఇందులోనే. కాగితాలు సరైనవో కావో ఎతకడం, ఎవులికైనా అభ్యంతరముంటే సెప్పండని పేపర్లో ప్రకటనెయ్యడం, దస్తావేజు రాయడం అంతా ఇందులోనే. స్టాంపులు, పన్ను గవర్నమెంటుకి, అవి ఏరు. కమీషను బ్రోకరుది, అదీ ఏరు. మద్దిలో బేరం సెడిపోతే అప్పటిదాకా సేసిన పనికే తీసుకుంటాం. ఎన్నిసార్లొచ్చినా, ఎన్నడిగినా మరేటీ ఇయ్యక్కర్లేదు."

"అలగే లాయరమ్మా" అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. నేను చెప్పాల్సింది చెప్పేశానన్న సంతృప్తితో ఒక అరటిపండు తిన్నాను. ఆవిడ నా మాటల్లో చివరి వాక్యం మాత్రం నమ్మలేదని నాకేం తెలుసు?

ఇల్లు ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయన్ని చూడటానికి మేమే ఆరు అంతస్తులూ ఎక్కాం. సయా మూడో అంతస్తులో మెట్ల మీద కూర్చుండిపోయి, "ఈ కేసు నువ్వు చూసుకో తమీ, నా అస్థికలు ఇక్కడే కలిపెయ్యి" అన్నాడు. ఎలాగో ఆయన్నీ పైకి చేర్చాను. పైన ఆవిడ భర్త బాల్కనీలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రంగూన్‌లో పై అంతస్తులవాళ్ళందరిలాగే వాళ్ళకీ వీధిలోకి వేలాడే తాడుంది. కింది చివర క్లిప్పు, పై చివర గంట. కిందివాళ్ళు తాడు లాగితే పైన గంట మోగుతుంది, పైవాళ్ళు సంచి లాక్కుంటారు. ఆ తాడు మీద పాలు ఎక్కేవి, పేపరు ఎక్కేది, మందులు ఎక్కేవి. ఆయన దిగే దారి మాత్రం లేదు.

మా కోసం టీ కూడా ఆయనే తాడుతో లాగాడు. మనిషి గొంతు చాలా పెద్దది. వర్క్‌షాపులో సుత్తుల మోత మధ్య మాట్లాడిన అలవాటు, పక్కన కూర్చున్నవాళ్ళతో కూడా ప్లాట్‌ఫారం అవతలున్నట్టే మాట్లాడేవాడు. "ఇన్‌సేన్‌లో ఆ గది ఎదురుగా టీ కొట్టున్నాదమ్మా! మా వొర్కుసాపోల్లంతా అక్కడే కూకుంటారు! నాకోసం ఒక స్టూలు కాళీగా ఉంచుతున్నారంట!" అన్నాడు. ఆవిడ వంటింట్లోంచి మా ఇద్దరికీ చెరో పళ్ళెం తెచ్చింది. చెరో ఆరు గారెలు. అంతస్తుకొకటి అని అప్పుడు తోచలేదు. సయా ఆరూ తిని, దిగేటప్పుడు ఈ కేసు తనే చూసుకుంటానన్నాడు.

ఆ తర్వాత ఆవిడ మా ఆఫీసు గడప తొక్కలేదు. నేనే పొద్దున్న కోర్టుకి వెళ్తూ ఆవిడ బండి దగ్గర ఆగేదాన్ని. నన్ను చూడగానే స్టూలు తుడిచేది. గారెలు పెట్టి, నూనె వంక చూస్తూ, ఎవరి గురించో అన్నట్టు అడిగేది.

"ఎవులో ఒకావిడ ఉన్నాదనుకో లాయరమ్మా. ఇల్లు కొనుక్కోడానికి బయానా ఇచ్చింది. అమ్మినోడు మాట మార్సీసినాడు. అప్పుడేటవుతాది?"

నేను గారె కొరుకుతూ చెప్పేదాన్ని. ఇంకో రోజు, "ఒకావిడ మొగుడు సంతకం పెట్టాల. సెయ్యి వొణుకుతాది. ఏలుముద్దరైతే సెల్లుతాదా?" అని అడిగి నాలుగు గారెలు పెట్టింది. చిన్న ప్రశ్నలకి రెండు వచ్చేవి. పన్ను గురించి అడిగిన రోజు చట్నీ కూడా వేసింది. డబ్బులిస్తే "నీ దగ్గర తీసుకుంటానేటి!" అని చెయ్యి వెనక్కి తోసేసేది. ఆహా, ఎంత ప్రేమ అనుకునేదాన్ని. నల్లకోటు బొత్తాలు పట్టడం మానేశాయి. మా ఆఫీసులో టైపు చేసే ఆవిడ ఒక రోజు నన్ను పక్కనుంచి చూసి, ఏదైనా విశేషమా అని అడిగింది. ఆ వయసులో నాకు విశేషమేమిటి, నా మొహం!

లత ఇంటి అమ్మకం సాఫీగా అయిపోయింది. వణికే చేత్తోనే ఆయన సంతకం పెట్టాడు. కొన్న జంట నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఆ ఇంటి డబ్బంతా ఆవిడ సంచిలో ఉంది, అదే వాళ్ళకున్న ఆస్తి మొత్తం. ఇన్‌సేన్ గదికి బయానా ఇచ్చాక, పేపర్లో మా ప్రకటన పడింది. అభ్యంతరాలు చెప్పే గడువు ఇంకా ఉంది. ఆ గడువు దాటేదాకా మిగతా సొమ్ము ఇవ్వకూడదని నా లెక్క. ఆవిడకి కూడా చెప్పాను, ఏదో గారె కొరుకుతూ.

అదే రోజుల్లో ఊళ్ళో నూనె కరువొచ్చింది. పామాయిలు కోసం జనం సీసాలు పట్టుకుని లైన్లలో నిలబడ్డారు. ఆవిడ బండి మూతపడింది. నేను వేరే దారిన కోర్టుకి వెళ్ళడం మొదలుపెట్టాను, కోటు బొత్తాలు మళ్ళీ పట్టాయి.

ఒక పొద్దున్న మా ఆఫీసుకి గొడుగేసుకుని ఒక బర్మా పెద్దావిడ వచ్చింది. పేపర్లో మా ప్రకటన చూసిందట. "ఇన్‌సేన్‌లో మీరు కొనిపిస్తున్న గది మా అమ్మది. అమ్మ పోయాక నాకు సగం, మా తమ్ముడికి సగం. వాడు నన్నడక్కుండా మొత్తం అమ్మేస్తున్నాడు" అంది. గొంతులో కోపం లేదు, వాన వస్తోందని చెప్పినట్టు చెప్పింది. సయా ఆవిడకి టీ చెప్పి, నా వంక చూశాడు. నేను ఫోను తీసి గారెలావిడకి కలిపాను.

ఒకసారి మోగింది, కట్ చేసింది. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్ చేసింది. మూడోసారి సగం రింగు కూడా మోగనివ్వలేదు.

గొడుగు కూడా తీసుకోకుండా ఆ వీధికి పరిగెత్తాను. బండి ఉండే చోట బండి లేదు. ఆరు అంతస్తులు ఎక్కే ఓపిక లేక తాడు పట్టుకుని గట్టిగా లాగాను. పైన గంట గణగణమంది. బాల్కనీ కమ్మీల మీదుగా ఆయన తల కనపడింది.

"ఎవులది?"

"నానే బావా, లాయర్ని! అప్పేది?"

"ఇన్‌సేన్ ఎల్లిపోనాది! డబ్బులట్టుకుని!"

లత అంటే చైనావాళ్ళ పేట. వీధిలో ఉన్న జనమంతా పైకి చూశారు, తర్వాత నన్ను చూశారు. అదృష్టం, అక్కడ తెలుగు తెలిసింది మా ఇద్దరికే.

"డబ్బులెందుకు బావా? గడువింకా అవలేదు కదా!"

"ఇయ్యాలే మొత్తం ఇచ్చీస్తే కొంత తగ్గిస్తానన్నాడంటమ్మా ఆ గదోడు! ప్రకటన్లూ గిరకటన్లూ ఎందుకు, లాయరు కర్సు తప్ప అన్నాడంట!"

"మరి నన్నొక్క మాట అడగొచ్చు కదా!"

ఆయన కమ్మీ పట్టుకుని ముందుకి వంగాడు. తర్వాత ఆ వర్క్‌షాపు గొంతు వీధంతా మారుమోగింది. "ఏటెట్టి అడుగుతాదమ్మా? వోరం రోజులబట్టి బండి నేదు, గారెల్నేవు! ఉత్తి సేతుల్తో లాయర్నెలగ అడుగుతాది?"

తాడు నా చేతిలోనే ఉంది. రెండు గారెలు, నాలుగు గారెలు, చట్నీ, అంతస్తుకొకటి చొప్పున ఆరు... అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. నేను ప్రేమనుకుని తిన్నదంతా ఫీజు. ఫోను ఎందుకు కట్ చేసిందో కూడా అప్పుడే తెలిసింది. లాయరు ఫోను ఎత్తితే దానికీ లెక్క కట్టాలనుకుంది. ఆవిడ దగ్గర ఉన్న డబ్బంతా గది డబ్బే, అందులోంచి నాకు తీసివ్వడానికి మనసొప్పలేదు.

మీ వయసువాళ్ళైతే వెంటనే టాక్సీ ఎక్కేవాళ్ళు. రంగూన్ ట్రాఫిక్కులో ఇన్‌సేన్ చేరేసరికి ఆ సంచి ఖాళీ అయిపోయేది. పక్కనే కిళ్ళీ బడ్డీ ఉంది. వీధిలో ఎవరికి పండగకో ఫంక్షనుకో గారెలు కావాలన్నా ఆ బడ్డీవాడి ఫోను నుంచే ఆవిడకి ఆర్డరు వెళ్ళేది. అతని ఫోను లాక్కున్నంత పని చేసి కలిపాను. రెండో రింగుకే ఎత్తింది.

"బయాజో ఎన్ని కావాలి?" అంది బర్మాలో.

"పాతిక" అన్నాను తెలుగులో. "నానప్పా, లాయర్ని. ఫోను పెట్టీకు. ఈ మాటకి ఫీజు లేదు. పాతిక గారెలకీ డబ్బులు నానే ఇస్తాను. సంచెక్కడున్నాది?"

నెమ్మదిగా చెప్పింది. "టీ కొట్లో బల్ల మీదున్నాది."

"నీ సెయ్యి?"

"సంచి మీదే ఉన్నాదమ్మా."

"ఇయ్యకు. ఆ గదిలో సగం అతగాడి అప్పది. ఆవిడిప్పుడు మా ఆపీసులో టీ తాగుతున్నాది."

అవతల గిన్నెల చప్పుడు, దూరంగా రైలు కూత. ఆ కాసేపట్లో నా గుండె ఎన్ని మెట్లు దిగిందో నాకే తెలుసు. అప్పుడు ఆవిడ గొంతు పెంచి, టీ కొట్టంతా వినేలా బర్మాలో అంది. "రెండొందలా? నూనె మీరే ఇస్తారా? రేపు పొద్దుటికే? అయ్యయ్యో, అయితే ఇప్పుడే వెళ్ళి పప్పు నానబెట్టాలి! ఉండు బాబూ, ఈ పని రేపు చూసుకుందాం, పెద్ద ఆర్డరు పోతుంది!"

సంచి చంకలో పెట్టుకుని స్టేషనుకి నడిచి, రైలెక్కి నేరుగా మా ఆఫీసుకి వచ్చింది. వచ్చింది గానీ గుమ్మంలోనే నిలబడిపోయింది. పళ్ళెం లేదు, ఆకుల్లేవు, గారెల్లేవు. సయా లేచి కుర్చీ లాగాడు.

"ఇప్పుడడగొచ్చేటమ్మా?" అంది నన్ను చూసి.

నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది గానీ ఏడుపే ముందొచ్చింది. "అడుగప్పా, ఎన్నుంటే అన్నీ అడుగు" అన్నాను.

అడిగింది. మధ్యాహ్నం దాటేదాకా అడిగింది. మధ్యలో వాళ్ళ మామగారి సంగతి కూడా చెప్పింది. ఆయనకెప్పుడో ఒక స్థలం తగాదా ఉండేదట. మన తెలుగువాడే ఒక లాయరు చూసేవాడట. "ఆకులెట్టి, కింద నోటెడితే గాని నోరిప్పీవోడు కాదమ్మా. ఎంతియ్యాలి బావూ అంటే, నీకు తోచిందియ్యి అనీవోడు. ఎంతిస్తే సరిపోద్దో మాకెప్పుడూ తెలీనేదు. స్తలం ఎలగూ పోనాది, అడగాలంటే బయం మాత్రం మిగిలిపోనాది" అంది. నేను తెలుగులోంచి బర్మాలోకి చెప్తుంటే సయా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అందుకే పిల్లలూ, మీకు తోచింది ఇవ్వండి అనే లాయరు ఎంత మంచివాడైనా, మన ఊరివాడైనా, మన ఇంటివాడైనా, కాగితం మీద అంకె వేయించుకోకుండా లేవకండి. ఆ అంకెలో ఏముంది, ఏం లేదు, బేరం మధ్యలో చెడితే ఎంత, అన్నీ అడగండి. అన్నిటికంటే ముందు, అడగడానికి ఎంత అని అడగండి. ఊరికేనని చెప్తే నమ్మండి. మేం చెప్పడమైతే చెప్పాం, అవతలి మనిషి నమ్మిందో లేదో చూడలేదు. ఆ తర్వాత సయా కాగితం మూడుసార్లు చదవడం మొదలుపెట్టాడు. మూడోసారి పార్టీ చేత చదివించేవాడు.

అక్కాతమ్ముళ్ళిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాం. అక్కకి తన వాటా కావాలి గాని గొడవ అక్కర్లేదు. తమ్ముడు గోడ వంక చూసి, ఆ తర్వాత అక్క వంక చూసి, సగం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. మిగిలిన సగం ఫీజు గారెలావిడ తెచ్చి బల్ల మీద పెట్టింది. సరిగ్గా మేం చెప్పినంతే, ఆకులు లేకుండా. ఇంత తిరుగుడైనందుకు ఇంకా ఇవ్వాలేమోనని ఒక క్షణం నిలబడింది. సయా మడతలు పడ్డ ఆ పాత కాగితం తీసుకుని అంకె మీద వేలు పెట్టి చూపించాడు. ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది.

ఆయన్ని ఆరో అంతస్తు నుంచి దింపిన రోజు నేనూ వెళ్ళాను. వర్క్‌షాపు స్నేహితులు వెదురు కుర్చీకి బొంగులు కట్టి ఆయన్ని మోశారు. ఆయన తాడు విప్పి, గంట ఒళ్ళో పెట్టుకుని, మెట్ల మలుపు దగ్గరల్లా మోగిస్తూ దిగాడు. తలుపులు తీసినవాళ్ళందరికీ వీడ్కోలు చెప్పాడు, ఆ గొంతుతోనే. కింద కుర్చీ దింపాక కుడి కాలు వీధి మీద పెట్టి, కాసేపు అలాగే ఉంచాడు. వానకి తడిసిన రోడ్డు. చెప్పు వేసుకోమంటే వద్దన్నాడు.

కొన్నాళ్ళకి ఇన్‌సేన్ వైపు పనుండి వెళ్ళాను. గది ముందే ఆవిడ బండి. ఎదురుగా టీ కొట్లో ఆయన స్టూలు మీద కూర్చుని, పక్కవాడితో అవతలి ఊరికి వినపడేట్టు మాట్లాడుతున్నాడు. గంట ఇప్పుడు బండికి కట్టి ఉంది. నేను కూర్చోగానే ఆవిడ పళ్ళెం నింపింది. పక్కన ఒక కొత్త జంట, చేతిలో అరటిపళ్ళతో, నా వంక చూస్తూ నసుగుతున్నారు.

"అడగండి బాబూ, బయమెందుకు? ఇల్లు గురించేగా?" అని ఆవిడ వాళ్ళని నా ముందుకి తోసింది. "అడిగితే డబ్బులవవు. నాను రాసిస్తాను!"

వాళ్ళు అడిగారు. చూసి ఇంకొకరు వచ్చారు. నా సాయంత్రం అక్కడే అయిపోయింది. చెప్పీ చెప్పీ గొంతెండిపోయి, చేతులు తుడుచుకుని లేచాను. ఆవిడ నా ముందు చెయ్యి చాపి, గారెల ధర చెప్పింది. నలుగురికీ చెప్పే ధరే.

నేను తెల్లబోయి చూశాను.

"అడగడానికి డబ్బుల్నేవు లాయరమ్మా" అంది. "తినడానికున్నాయి."

చెప్పినంతా తీసిచ్చాను. ఆవిడ చేతి గారెలు ఎన్ని తిన్నానో చెప్పలేను గానీ, డబ్బులిచ్చి తిన్నవి అవే మొదటివి. వాటికున్న రుచి అంతకు ముందు తిన్న ఒక్కదానికీ లేదు.